అగ్నిమాపక సిబ్బందికి క్యాన్సర్ వస్తే పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు విశాఖపట్నంలో 26 ఏళ్లుగా అగ్నిమాపక శాఖలో ఉన్నారు, ఇప్పుడు లీడింగ్ ఫైర్‌మన్. వయసు 50. మూత్రాశయ క్యాన్సర్ అని తేలి, 2025 జూలై నుంచి సెలవులోనే ఉన్నారు. వైద్యం ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద జరుగుతోంది. ఇది డ్యూటీ వల్ల వచ్చిన జబ్బే కదా, పరిహారం ఇప్పించండి అని అడిగితే, "బీడీలు కాలుస్తారుగా, దానికి శాఖ ఏం చేస్తుంది" అని కొట్టిపారేశారు. మాకేమైనా దారి ఉందా?
— ఒక పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండో షెడ్యూలులో (చట్టం వర్తించే ఉద్యోగాల జాబితాలో) అగ్నిమాపక దళంలో పనిచేసేవారు ఉన్నారు. మూడో షెడ్యూలు 'బి' భాగంలోని వృత్తి వ్యాధుల్లో మూత్రాశయం లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ పేరూ ఉంది. సంబంధిత పనిలో కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా ఉన్న ఉద్యోగికి ఈ భాగంలోని జబ్బు వస్తే, కాదని యజమాని రుజువు చేయనంతవరకు చట్టం దాన్ని ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే పరిగణిస్తుంది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ నాన్నగారు అంతకుముందే సెలవులోకి వెళ్లారు కనుక పాత చట్టం కిందే అడగండి.

అయితే ఒక మెలిక ఉంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఫైర్‌మన్‌కు ఫలానా క్యాన్సర్లు వస్తే వృత్తి వల్లే వచ్చాయని ముందుగానే భావించే చట్టాలున్నాయి. మన షెడ్యూలులో ఆ జబ్బుకు ఎదురుగా 'ఆ ముప్పుకు గురయ్యే పనులన్నీ' అని మాత్రమే రాసి ఉంది. కాబట్టి మంటలార్పే పని అలాంటిదేనని ముందు మీరు చూపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో ఈ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అందుకు తగినంత ఆధారం ఉందని చెప్పిన రెండు క్యాన్సర్లలో మూత్రాశయ క్యాన్సర్ ఒకటి. మంట ఆరాక, గోదాముల్లో పొగలు కక్కుతున్న సరుకును కొక్కేలతో తిరగేస్తూ నీళ్లు కొట్టే సమయంలో చాలామంది మాస్కు తీసేస్తారు. ఆ మసి మెడకూ మణికట్లకూ పట్టి, చర్మం గుండా లోపలికి పోతుంది. మీ నాన్నగారు హాజరైన పెద్ద ప్రమాదాలేమిటో, అప్పట్లో శ్వాస పరికరాలు ఎందరికి ఉండేవో ఆయన చేతే రాయించి, ఫైర్ రిపోర్టుల నకళ్లను సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో తెప్పించుకోండి.

బీడీల సంగతి దాచవద్దు. పొగాకు కూడా ఈ క్యాన్సర్‌కు కారణమే, ఆసుపత్రి కాగితాల్లో ఎలాగూ రాసి ఉంటుంది. కానీ మరో కారణం కూడా ఉన్నంత మాత్రాన వృత్తి కారణం కాదని తేలిపోదు. ఆఫీసులో నోటిమాటగా అన్నది రుజువు కిందికి రాదు. వృత్తి వివరాలన్నీ చెప్పి, చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుడి అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా తీసుకోండి.

శాఖకు నోటీసిచ్చి, కార్మిక శాఖ అధికారి నిర్వహించే పరిహార కమిషనర్ ఎదుట దరఖాస్తు వేయాలి. జబ్బు వల్ల ఎడతెగకుండా సెలవులో ఉన్న మొదటి రోజు నుంచి గడువు రెండేళ్లు. అంటే మీకు 2027 జూలై వరకే.

శాశ్వతంగా పూర్తి అశక్తత ఏర్పడితే, నెల జీతంలో 60 శాతాన్ని 50 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 153.09తో హెచ్చిస్తారు. జీతం ఎంతైనా లెక్కకు తీసుకునేది రూ. 15,000 మాత్రమే (ఇంత సర్వీసున్న మనిషికి ఇది అన్యాయమే), కాబట్టి రూ. 13,77,810 వస్తుంది. అశక్తత పాక్షికమైతే, సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందని వైద్యుడు నిర్ధారిస్తారో ఆ మేరకే. చెల్లింపు నెల దాటితే 12 శాతం వడ్డీ కూడా అడగవచ్చు.

ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కాంట్రాక్టు ఫైర్‌మన్లు మాత్రం కమిషనర్ దగ్గరికి కాక, ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కే దరఖాస్తు చేసుకోవాలి.