వాయువుల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మొక్కలు తమలోనే తయారుచేసుకుని సంకేతాలుగా వాడుకునే వాయువుల మీద నీ వ్యాసం చదివాను. ఇథిలీన్, నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. నాలుగింటికీ నాలుగు పేరాలు, ప్రతి పేరా చివరా "కరువును, చౌడును, చలిని తట్టుకోవడానికి తోడ్పడుతుంది" అనే ఒకే వాక్యం. పేర్లు అటూ ఇటూ మార్చేసినా ఎవరూ పట్టుకోలేరు. నా పేచీ అదే. ఒక వాయువు, ఒక మొక్క, దానికొచ్చిన ఒక కష్టం పట్టుకో. నన్నడిగితే ఇథిలీన్, వరి, ముంపు.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, తూర్పు రాష్ట్రాల దాకా పాకిన రకం. చేను వారానికి మించి నీట మునిగితే మాత్రం అది తట్టుకోలేదు. ఎందుకు? ఇక్కడ నిదానంగా రాయి. మొక్క ఎప్పుడూ కాస్త ఇథిలీన్ వదులుతూనే ఉంటుంది. బయట ఉన్నప్పుడు అది గాలిలో కలిసిపోతుంది. నీళ్లలో వాయువులు కదిలే వేగం గాలిలోకన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. దాంతో ఇథిలీన్ బయటకు పోలేక కణజాలంలోనే పేరుకుంటుంది. తాను మునిగానని మొక్కకు తెలిసేది ముఖ్యంగా దీనివల్లే. తెలియగానే మామూలు వరి ఆకులు సాగదీస్తుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు, పడి కుళ్లుతుంది.

ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ అనే పాత రకం తీరు వేరు. ఇథిలీన్ పేరుకోగానే అందులో సబ్1ఎ అనే జన్యువు మేల్కొని ఎదుగుదలను ఆపేస్తుంది. మొక్క ఉన్నదాన్ని పొదుపు చేసుకుని రెండు వారాల దాకా కాచుకుంటుంది. ఆ జన్యువు వివరం 2006లో బయటికొచ్చింది. దాన్ని సంకరణం ద్వారా మన స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ-సబ్1గా మన దేశంలో విడుదల చేశారు. నెలల తరబడి లోతు నీళ్లలో పెరిగే వరి రకాలు మళ్లీ ఇంకో దారి. అక్కడ అదే ఇథిలీన్ కణుపుల నడుమ కాండాన్ని పొడవుగా సాగదీసి తలను నీటి పైన ఉంచుతుంది. ఆ పని చేయించే జన్యువులకు జపాన్ శాస్త్రవేత్తలు స్నార్కెల్ (నీళ్లలో ఈదేవాళ్లు ఊపిరికి వాడే గొట్టం) అని పేరు పెట్టారు. వాయువు ఒకటే. ఒకచోట ఆగిపొమ్మంటుంది, ఒకచోట పరిగెత్తమంటుంది. నీ వ్యాసం ఇక్కడుంది, పెట్టుకున్న ఉపశీర్షికల్లో కాదు.

"ఇథిలీన్ గ్రాహకానికి తగలగానే స్విచ్ ఆన్ అవుతుంది" అని రాశావు. గ్రాహకమంటే కణంలో ఇథిలీన్‌ను పసిగట్టే ప్రోటీన్ అని ముందు చెప్పు. పైగా జరిగేది తిరగబడి ఉంటుంది. ఇథిలీన్ లేనప్పుడే గ్రాహకం చురుగ్గా ఉండి, సీటీఆర్1 అనే ప్రోటీన్‌తో కలిసి స్పందనను అణచి ఉంచుతుంది. ఇథిలీన్ వచ్చి గ్రాహకంలోని రాగి అయాన్‌ను పట్టుకోగానే ఆ అణచివేత ఆగుతుంది. బ్రేకు మీంచి కాలు తీసినట్టు అనుకో. పోలిక ఒక్కసారే వాడు, పేరా అంతా బండి నడపకు.

మనుషులేరీ నీ వ్యాసంలో? "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని ఎన్నిసార్లంటావు? 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే కుర్రవాడు చీకట్లో పెంచిన బఠాణీ మొలకలు పొట్టిగా, లావుగా, నేలకు అడ్డంగా పెరిగాయి. బయటి గాలిలో మాత్రం నిటారుగా లేచాయి. ప్రయోగశాలలో దీపాలకు వాడే బొగ్గు గ్యాసును అనుమానించి, చివరికి అందులోని ఇథిలీన్ దగ్గర తేల్చాడు. దాన్ని మొక్కే తయారు చేసుకుంటుందని 1934లో ఆపిల్ పళ్ల మీద గేన్ అనే శాస్త్రవేత్త రుజువు చేశాడు. ఈ ఇద్దరికీ నాలుగు వాక్యాలివ్వు, చాలు.

నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. జంతువుల్లో దాన్ని తయారుచేసే ఎంజైమ్ ఉంది కాబట్టి మొక్కల్లోనూ అదే అని రాసేశావు. నేల మీద పెరిగే మొక్కల్లో అలాంటిది ఇంకా తేలలేదు. 2003లో దొరికిందన్న ప్రోటీన్ ఆ పని చెయ్యదని తరువాత బయటపడి పేరే మార్చారు. నైట్రేట్ రిడక్టేజ్ అనే వేరే ఎంజైమ్ దారి మాత్రం గట్టిగా తెలిసినది. ప్రయోగాల్లో ఈ వాయువు కోసం వాడే సోడియం నైట్రోప్రుసైడ్ సయనైడ్ కూడా వదులుతుంది. ఫలితం దేనివల్లో విడదీసి చూశారా లేదా అన్నది వ్యాసకర్త చూడాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతీ అంతే. చాలా ప్రయోగాల్లో మొలకలకు ఇచ్చింది ఈ వాయువును వదిలే సోడియం హైడ్రోసల్ఫైడ్ ద్రావణం. ఏ మొక్క, ఎంత మోతాదు, కుండీలోనా పొలంలోనా అన్నది రాయకుండా "కరువును తట్టుకునే శక్తినిస్తుంది" అంటే, చదివిన రైతు రేపు మందుల షాపులో అడుగుతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపగల విషవాయువు కూడా, ఆ ఒక్క వాక్యమైనా నీ వ్యాసంలో లేదు.

రెండో వాయువు తప్పదనిపిస్తే ముంపు కథలోంచే తీసుకురా. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చేరిన ఇథిలీన్ ఫైటోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ను పెంచుతుందనీ, అది నైట్రిక్ ఆక్సైడ్‌ను ఊడ్చేస్తుందనీ 2019లో చూపించారు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే, ఆక్సిజన్ కొరతకు సిద్ధం చేసే ప్రోటీన్లు విరిగిపోకుండా నిలుస్తాయి. అంటే ఊపిరాడని స్థితి రాకముందే మొక్క సర్దుకుంటుందన్న మాట. "మొక్కలు మాట్లాడుకుంటాయి" అని నువ్వు నాలుగుచోట్ల రాసిన మాట కొట్టేసి, అక్కడ ఇది పెట్టు.

మామిడి కాయల్ని కార్బైడ్‌తో మగ్గబెట్టడం గురించిన పేరా బాగానే ఉంది గానీ ఇందులో ఇమడదు. కార్బైడ్ నుంచి వచ్చేది ఎసిటిలీన్, ఇథిలీన్‌ను అనుకరిస్తుందంతే. కార్బైడ్‌పై నిషేధం, 100 పీపీఎం దాకా ఇథిలీన్ గదులకు అనుమతి, ఇదంతా వేరే వ్యాసానికి అట్టిపెట్టుకో. ముందు వరి సంగతి పూర్తిచేసి పంపు. పంపేముందు వరి పండించే ఎవరికైనా ముంపు పేరా ఒక్కటి చదివి వినిపించు, ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో పక్కన రాసి పెట్టు.

మీ అన్న