మూడే వస్తువులు చూసిరా

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది. "ఏ అంచు గీసినా ఎక్కడో చూసినట్టే ఉంటోంది పెద్దమ్మా, చెయ్యి ఆడటం లేదు" అన్నావు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోన్‌లో వందల డిజైన్లు, ఒక్కోదానికి రెండు సెకన్లు. అవే చేతిలోకి దిగుతున్నాయి. టెన్షన్ పడకు. చీర అంచులకు ముప్పై ఏళ్ళు గ్రాఫ్ కాగితాలు నింపిన నాకూ అలా చెయ్యి ఆగిపోయిన రోజులున్నాయి. అప్పుడల్లా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళేదాన్ని. నువ్వుండేది హైదరాబాద్‌లోనే కదా, వెళ్ళిరా. ఎలా చూడాలో మాత్రం నేను చెబుతాను.

నేను మొదటిసారి వెళ్ళింది బడి నుంచి. మాస్టారు ఈల వేస్తుంటే వరసలో పరుగెత్తి అన్ని గదులూ చుట్టేశాం. ఇంటికొచ్చాక గుర్తున్నది కాళ్ళనొప్పులే. రెండోసారి పెద్దయ్యాక ఒంటరిగా వెళ్ళి, మూడే వస్తువులు చూసి వచ్చాను. ఆ మూడూ ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. నువ్వూ మూడే చూడు. మిగతావి ఎక్కడికీ పోవు.

రెబెక్కాతో మొదలుపెట్టు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్ జంగ్ రోమ్‌లో కొన్నది. ముఖం మీద మేలిముసుగు. ముఖమూ రాయే, ముసుగూ రాయే. అందరూ "అబ్బ, ఎంత పలచగా ఉందో" అని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నువ్వు నిలబడి ముక్కు మీద చూడు, తర్వాత పెదవుల దగ్గర చూడు. ముక్కు, గడ్డం బట్టకు తగిలేచోట గీత తేటగా ఉంటుంది. తగలని చోట గీత మెత్తబడి మసకగా అవుతుంది. ఆ తేడాతోనే మన కంటికి అక్కడ బట్ట ఉన్నట్టు తోస్తుంది. ఇది నాకు అర్థమయ్యేసరికి అరగంట పట్టింది. ఎంత సంతోషం వేసిందో! పక్కనెవరూ లేకపోయినా నవ్వుకున్నాను. టిష్యూ చీరకు డిజైన్ గీసిన ప్రతిసారీ ఆ పెదవులు గుర్తొచ్చేవి.

తర్వాత బిద్రీ సామాను దగ్గరికి వెళ్ళు. మన పనికి అసలు గని అదే. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, ఉలితో గాడి తీసి, అందులో వెండి కొట్టి కూరుస్తారు. చివర్లో బీదర్ కోట మట్టితో చేసిన పూత పెడితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. హుక్కా కుండల మీద పూల వరసలు చూడు. పువ్వుల కంటే ముందు పువ్వుకీ పువ్వుకీ మధ్య వదిలిన నలుపు చూడు. ఆ పనివాడికి ఎక్కడ ఆగాలో తెలుసు. నా డిజైన్లలో అప్పటిదాకా ఖాళీ అంటే భయం, ప్రతి గడీ నింపేసేదాన్ని.

ఇక్కడ పెన్సిల్ తియ్యి. ఫోన్ బ్యాగులోనే ఉంచు. ఒక్క పువ్వు, దాని కాడ, పక్కనున్న ఖాళీ, అంతే గియ్యి. బాగా రాకపోయినా పర్వాలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం దాచేసి, మర్నాడు చూడకుండా మళ్ళీ గియ్యి. గుర్తున్నంతవరకు వాళ్ళది వస్తుంది. గుర్తులేని చోట చెయ్యి తడుముకుని ఏదో ఒకటి పెడుతుంది చూడు, అది నీది. నా అంచుల్లో ఎక్కువమంది అడిగి నేయించుకున్న సన్నకాడల అంచు అలా పుట్టిందే. కాడ ఎటు వంగిందో గుర్తులేక నాకు తోచినట్టు వంచాను.

మూడోది నీ ఇష్టం. నేనైతే మ్యూజికల్ గడియారం దగ్గరికి వెళ్ళేదాన్ని, మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకి. గడ్డమున్న మనిషి బొమ్మ ఒకటి లోపల్నుంచి బయటికొచ్చి గంట కొడుతుంది. జనం ముందే వచ్చి కూర్చుని ఉంటారు. నువ్వు గడియారానికి కాస్త పక్కగా నిలబడి ఆ ముఖాలు చూడు. నాన్న భుజమెక్కిన పిల్లాడు, పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ, అందరి గడ్డాలూ ఒకేసారి పైకి లేస్తాయి. అంతమంది ఒకేసారి అంత ఇష్టంగా ఒకదాన్ని చూడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

అసలు ఆ మ్యూజియమే ఒక మనిషి ఇష్టం. మూడో సాలార్ జంగ్ పాతికేళ్ళ వయసులో దివాన్ పదవి వదిలేసి, 1949లో పోయేదాకా వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. అది గుర్తుపెట్టుకుని తిరుగు. ఏ వస్తువు ముందైనా "ఇది ఆయనకెందుకు నచ్చి ఉంటుంది?" అని అడుగు. నచ్చకపోతే మొహమాటపడకుండా ముందుకు నడువు. గొప్పదంటున్నారని నచ్చినట్టు నటిస్తే నీ కన్ను పాడవుతుంది.

కడుపునిండా తినే వెళ్ళు, ఆకలేస్తే చూపు నిలవదు. స్నేహితులతో ఇంకోసారి వెళ్దువుగాని, ఈసారి ఒక్కదానివే వెళ్ళు. అలసట అనిపించగానే బయటికొచ్చెయ్. నయాపూల్ వంతెన పక్కనే, మూసీ మీద కాసేపు నిలబడి గాలి పీల్చుకో.

మర్నాడు చూడకుండా గీసిన ఆ రెండో కాగితం నాకు పోస్టులో పంపు. ఫోటో తీసి పంపకు, పెన్సిల్ ఎక్కడ గట్టిగా నొక్కావో నేను వేలితో తడిమి చూడాలి. శుక్రవారం మాత్రం వెళ్ళకు, వాళ్ళకి సెలవు.

ప్రేమతో,
పెద్దమ్మ