హాస్పిటల్‌కి తోడు వచ్చే మనిషి వల్ల నిజంగా లాభం ఉందా, లేక అందరూ బ్రోకర్లేనా?

మీ ప్రశ్న చదివాను. మీ మేనమామకు ఆపరేషన్ అన్నారు, ఊళ్ళో ఒకాయన "నేను వెంట వస్తా, ఆరోగ్యశ్రీలో చేయిస్తా" అంటున్నాడు, నమ్మొచ్చా, అసలు ఇలా తోడు వెళ్ళేవాళ్ళు ఏం చేస్తారు అని అడిగారు.

ముందు ఆయన్ని ఒక్క మాట అడగండి. "ఈ ఆపరేషన్ ఎక్కడెక్కడ చేస్తారు?" అని. ఒక్క హాస్పిటల్ పేరే చెప్పి అక్కడికే పోదాం అని పట్టుబడితే ఆయనకి అక్కడ ఏదో ముడుతోందని అనుకోవచ్చు. మా కరీంనగర్ వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే, ఆర్‌ఎంపీ దగ్గర మొదలై అంబులెన్స్ డ్రైవర్, హాస్పిటల్ పీఆర్‌ఓ దాకా పేషెంట్‌ని చేతులు మారుస్తూ పోతారు, ఆ కమీషన్లన్నీ తిరిగి తిరిగి మన బిల్లులోనే తేలతాయి. అలా కాకుండా రెండు మూడు పేర్లు చెప్పి, అందులో గవర్నమెంట్ దవాఖానా పేరు కూడా చెప్పి, మీరే కనుక్కోండి అంటే ఆయన మంచోడే అయ్యుండొచ్చు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా నాన్న చాలా ఏళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడు సార్లు పోవాలి, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చోవాలి. అక్కడ కూర్చుంటే పాత పేషెంట్ల ఇళ్ళవాళ్ళే అన్నీ చెప్తారు, ఆరోగ్యశ్రీ కార్డు పని చేయకపోతే ఎవరిని అడగాలి, డయాలసిస్ వాళ్ళకి వచ్చే పింఛన్‌కి ఏ కాగితం పెట్టాలి, అన్నీ. కొన్నాళ్ళకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడగడం మొదలైంది, "తమ్మీ, ఈ కాగితంల ఏం రాసిండ్రో జర చూడు" అని. నాన్న పోయాక కూడా ఫోన్లు ఆగలేదు, వీలైనప్పుడు వెంట పోతుంటాను. నేను ఏ సంస్థ మనిషినీ కాను, జీతం లేదు, కార్డు లేదు.

ఇక తోడు వెళ్ళేవాడు చేసే పని. చాలామంది అనుకున్నట్టు అది గొడవపడటం కాదు. కౌంటర్ ముందు అరిచేవాళ్ళని హాస్పిటల్ వాళ్ళు రోజూ చూస్తారు, సెక్యూరిటీని పిలుస్తారు, అయిపోయింది. అసలు పని ఏంటంటే, ఆ ఇంటివాళ్ళ మనసులో ఉన్న ప్రశ్నని వాళ్ళ నోటితోనే, అడగాల్సిన మనిషిని, అడగాల్సిన టైమ్‌లో అడిగించడం, వచ్చిన జవాబు కాగితం మీద పెట్టించడం. "డాక్టర్ సారు కోపం చేస్తడేమో" అన్న భయంతోనే సగం మంది ఏమీ అడగకుండా సంతకాలు పెట్టేస్తారు.

మా పక్క వీధిలో ఒక అక్క ఉంది, బీడీలు చుడుతుంది. భర్తకి గుండెలో స్టెంట్ వేయాలన్నారు. కార్డు ఉంది, హాస్పిటల్ ఆరోగ్యశ్రీ లిస్టులోనే ఉంది. అయినా లోపల ఎవరో "స్కీమ్‌లో వచ్చే స్టెంట్ మామూలుది, మంచిది కావాలంటే పైన మీరు కట్టుకోవాలి" అన్నారట, ఆమె పుస్తెలతాడు కుదువ పెట్టడానికి తయారైంది. నేను వెళ్ళి ఆమెకి రెండే చెప్పాను: ఏ కంపెనీ స్టెంటో రాసివ్వమని అడుగు, కట్టే డబ్బుకి రసీదు అడుగు. నేను పక్కన నిలబడ్డాను, మాట్లాడింది మాత్రం ఆమే. రసీదు డిశ్చార్జి అప్పుడు ఇస్తాం అన్నారు. "అయితే పైసలు గూడ అప్పుడే కడత సార్" అని అక్కడే కూర్చుంది. ఆ మాట నేను నేర్పింది కాదు! మధ్యాహ్నానికల్లా పైన కట్టాల్సిన అవసరం లేదు, స్కీమ్‌లోనే వేస్తాం అన్నారు. స్టెంట్ ధరకి 2017 ఫిబ్రవరిలోనే కేంద్రం పరిమితి పెట్టింది, మందు పూసినదానికి అప్పుడు 29,600 రూపాయలు, ఆ తర్వాత కొంచెం మారుతూ వస్తోంది. బిల్లులో స్టెంట్ కంపెనీ, బ్యాచ్ నంబర్, ధర విడిగా చూపించాలి కూడా. ఈ సంగతి తెలిసిన మనిషి పక్కనుంటే పుస్తెలతాడు దాకా పోయేదే కాదు.

అన్నిసార్లూ ఇలా జరగదు, అదీ చెప్పాలి. ఇంకో కుటుంబం నన్ను పిలిచేసరికే చేతిలో డబ్బు కట్టేశారు, రసీదు లేదు. ఫిర్యాదు పెట్టించాం, హాస్పిటల్ వాళ్ళు మేం తీసుకోలేదన్నారు, అక్కడితో ఆగిపోయింది. అందుకే కట్టకముందే అడగాలి అని నేను అందరికీ విసుగొచ్చేలా చెప్తుంటాను.

మీకు తోడు రావడానికి ప్రభుత్వం పెట్టిన మనిషి కూడా ఒకరున్నారు, చాలామంది ఆ బల్ల పక్కనుంచే నడిచిపోతారు. ఆరోగ్యమిత్ర. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ఈ పోస్టు ఉంది, ఆంధ్రలో ఇప్పుడు స్కీమ్ పేరు ఎన్టీఆర్ వైద్యసేవ కాబట్టి వైద్యమిత్ర అంటున్నారు. కూర్చునేది హాస్పిటల్‌లోనే అయినా పని ఆరోగ్యశ్రీ నడిపే ప్రభుత్వ ట్రస్టుది. పేరు రాసుకోవడం, అప్రూవల్‌కి కాగితాలు వెళ్ళాయో లేదో చూడటం, ఎవరైనా డబ్బులడిగితే పైకి తెలియజేయడం వాళ్ళ డ్యూటీ. అందరూ ఒకేలా ఉండరు, రోజూ ఆ హాస్పిటల్‌లోనే తిరగాలి కాబట్టి కొందరు మెత్తగా ఉంటారు, వాళ్ళని నేను పెద్దగా తప్పు పట్టను. అలాంటప్పుడు ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయండి, లేదా ట్రస్టు జిల్లా కోఆర్డినేటర్‌ని కలవండి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు, టెస్టులు, మందులు, తిండి, ఇంటికి పోయే ఛార్జీ, డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు కూడా అందులోనే వస్తాయి. ఆ చివరి మందులు అడగకుండానే ఇంటికి పోయేవాళ్ళు ఎంతమందో.

ఊళ్ళల్లో అయితే ఈ పని ఎక్కువ చేసేది ఆశా అక్కలే. కాన్పుకి అర్ధరాత్రి ఆటోలో వెంట పోయేది వాళ్ళు, డ్యూటీ నర్సుతో తిట్లు తినేది వాళ్ళు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది, మంచిదే, ఆ అవార్డుతో ఇల్లు గడవదు కదా, అందుకే ఇప్పటికీ జీతం కోసం ధర్నాలు చేస్తున్నారు. భాష రానివాళ్ళకి తోడు ఇంకా అవసరం. విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఏజెన్సీ నుంచి వచ్చే గిరిజనుల కోసం ఎస్టీ సెల్ అని విడిగా ఉంది, అలాంటిది ప్రతి పెద్దాసుపత్రిలో ఉండాలని నా అభిప్రాయం.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితం ఒకటుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం, అందులో 17 హక్కులున్నాయి, 2019లో కేంద్రం దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది. అది దానంతట అది చట్టం కాదు, అలా అని తీసిపారేసేదీ కాదు, ఎందుకంటే అందులో చాలావరకు ముందునుంచీ చట్టాల్లో, కోర్టు తీర్పుల్లో ఉన్నవే. అత్యవసరంలో పోలీసు కేసని వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, డబ్బు కట్టలేదని కూడా ఆపకూడదని ఈ పత్రంలో ఉంది. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లో 2002 నుంచీ ఉంది. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదు. ఆడవాళ్ళని మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. వేరే డాక్టర్‌కి చూపించుకుంటాం, రిపోర్టులివ్వండి అంటే అది అవమానం కాదు, హక్కు. తెలుగులో ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి, చూపించాల్సిన అవసరం చాలాసార్లు రాదు, ఉందన్న ధైర్యంతో మాట్లాడే తీరే మారిపోతుంది.

తోడు వెళ్ళేవాడు చేయకూడనివి కూడా ఉన్నాయి. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టకూడదు, అది పేషెంట్‌ది, లేదా ఇంటివాళ్ళది. రోగం వివరాలు ఊళ్ళో చెప్పకూడదు. డాక్టర్ లోపల మాట్లాడేటప్పుడు పేషెంట్ రమ్మంటేనే వెళ్ళాలి. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ మీద కోపం చూపించడం అస్సలు వద్దు, బిల్లు రేటు పెట్టేది ఆ పిల్లాడు కాదు, పొద్దున్న డ్రెస్సింగ్ మార్చేది మాత్రం అతనే.

మీ విషయానికొస్తే, ఆయన్ని తీసుకెళ్ళండి, కానీ ఫైలూ ఫోనూ డబ్బూ మీ దగ్గరే ఉండాలి. బయల్దేరే ముందు 104కి చేసి, మీరు అనుకునే హాస్పిటల్ ఆ జబ్బుకి లిస్టులో ఉందా అని అడగండి, ఎందుకంటే కొన్ని హాస్పిటళ్ళకి గుండెకి ఉండి ఎముకలకి ఉండదు, అక్కడికి పోయాక తెలిస్తే ఆ రోజంతా వృథా. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ రెండు జిరాక్స్ సెట్లు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీలో కుటుంబానికి 10 లక్షల దాకా ఉంది కాబట్టి సొమ్ము సరిపోదు అని ఎవరైనా అంటే ఎంతవుతుందో రాసివ్వమనండి. మేనమామకి 70 దాటితే రేషన్ కార్డు లేకపోయినా కేంద్రం ఆయుష్మాన్ స్కీమ్‌లో 5 లక్షలకి విడిగా కార్డు వస్తుంది, 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు. అది కూడా కనుక్కోండి.

ఏ ఆపరేషనో, మీది ఏ జిల్లానో కింద రాస్తే ఇంకా వివరంగా చెప్తాను. పేషెంట్ పేరు, కార్డు నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.