గోదావరి ఎర్రనీరు, సముద్రం అడుగున కార్బన్

ప్రశ్న: వరదలప్పుడు గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ మట్టి వల్ల కార్బన్ సముద్రం అడుక్కి పోతుందని మా అబ్బాయి అంటున్నాడు. మట్టికీ కార్బన్‌కీ ఏమిటి సంబంధం?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. గాల్లోని కార్బన్‌ని పీల్చుకునేది మట్టి కాదు, కానీ అది కిందికి దిగడానికి కావలసిన బరువు మట్టే ఇస్తుంది.

సముద్రంలో ఎండ బాగా తగిలేది పైన ఓ వంద మీటర్ల మేరే. అక్కడ కంటికి ఆనని ప్లవకాలు ఉంటాయి, పొలంలో వరి చేసే పనే అవి నీళ్ళలో చేస్తాయి, అంటే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుని ఎండతో పెరుగుతాయి. వాటిని రొయ్యలకు చుట్టాలైన చిన్న చిన్న జీవులు తింటాయి. ఆ జీవుల మలం, చచ్చిన ప్లవకాలు, వాటి జిగురు అన్నీ ఒకదానికొకటి అంటుకుని తునకలుగా కిందికి రాలుతూ ఉంటాయి. 1950లలో జపాన్ శాస్త్రవేత్తలు నీళ్ళలోకి దిగి చూసి దీనికి మెరైన్ స్నో అని పేరు పెట్టారు, చూడ్డానికి అచ్చం మంచు కురుస్తున్నట్టే ఉంటుంది.

చిక్కంతా వేగం దగ్గరే. ఈ తునకలు రోజుకి కొన్ని పదుల మీటర్లు, మహా అయితే కొన్ని వందల మీటర్లు దిగుతాయి. మూడు వేల మీటర్ల లోతుకి చేరేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఈలోగా దారి పొడుగునా బాక్టీరియా వాటిని తింటూనే ఉంటుంది, తిన్నదంతా మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌గా నీళ్ళలో కలిసిపోతుంది. పైన తయారైనదాంట్లో నూటికి ఒక వంతు అటూఇటూగా మాత్రమే అడుక్కి చేరుతుంది. మిగతాదంతా వృథా అనుకోకండి. పైపైనే కరిగితే కొన్ని నెలల్లో తిరిగి గాల్లోకి వచ్చేస్తుంది కానీ, వెయ్యి మీటర్లు దాటాక కరిగితే ఆ నీరు పైకి రావడానికి వందల ఏళ్ళు పడుతుంది. అందుకే ఎంత త్వరగా ఎంత లోతుకి దిగిందన్నది అంత ముఖ్యం.

మీ ఎర్రనీటి పని ఇక్కడే మొదలవుతుంది. 1987లో గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి బంగాళాఖాతంలో పెద్ద పెద్ద గరాటుల్లాంటి పరికరాలు దింపాయి. పైనుంచి రాలిందంతా గరాటు కింద ఉన్న సీసాల్లో పడుతుంది, కొన్ని రోజులకోసారి సీసా దానంతట అదే మారుతుంది, అలా ఏ నెలలో ఎంత రాలిందో తెలుస్తుంది. బంగాళాఖాతంలో ప్లవకాల పెరుగుదల అరేబియా సముద్రంలో కంటే తక్కువ. అయినా లోతుకి చేరే కార్బన్ మాత్రం అంత తేడాగా ఏమీ లేదు! గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే సన్నటి బంకమట్టి ఆ జిగురు తునకలకు అంటుకుని వాటిని బరువెక్కిస్తుంది, బాక్టీరియా పూర్తిగా తినేలోపే అవి లోతుకి జారిపోతాయి. నాకు ఈ విషయం ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అడవుల్లో రాలిన ఆకులు, పొలాల మట్టిలోని సేంద్రియ పదార్థం కూడా వరదతోపాటే వస్తాయి, వాటిలోనూ కార్బన్ ఉంటుంది, కొంత సముద్రం అడుగున బురదలో పూడిపోతుంది. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో 1970లతో పోలిస్తే గోదావరి సముద్రానికి తెచ్చే మట్టి బాగా తగ్గిపోయింది. దానివల్ల డెల్టా అంచున ఊళ్ళు కోతకి గురవుతున్నాయని మాట్లాడుకుంటున్నాం, మాట్లాడుకోవాలి కూడా. లోతుకి దిగే ఈ కార్బన్ గురించి కూడా ఆ లెక్కలోనే అడగాలండి.