ముంచిన తర్వాతి వేడి మరిచారు, అందుకే ఉలి అంచు రాలుతోంది

కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచాక ఉక్కు ఉలి అంచు పెచ్చులుగా రాలుతోందన్నారు. తప్పు ఉక్కుది కాదు. ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది, ఆ పెళుసుతనం తీయలేదు.

1. కొస నుంచి రెండు అంగుళాలు ఎర్రగా కాల్చండి. అయస్కాంతం అంటుకోని వేడి చాలు.

2. అంగుళం మాత్రమే ముంచి, నీళ్లలో పైకీ కిందికీ ఆడించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. వెంటనే బయటికి తీసి, సానరాయి ముక్కతో అంచును తెల్లగా మెరిసేలా రుద్దండి. పైన మిగిలిన వేడి కిందికి దిగుతూ లేత గడ్డిరంగు, గోధుమరంగు, ఆ తర్వాత వంకాయరంగు వస్తాయి. వంకాయరంగు కొసను తాకిన క్షణమే మళ్లీ ముంచండి. నీలం దాటితే మెత్తబడుతుంది, మొదటి నుంచి చేయాల్సిందే.

తలను మాత్రం ముంచి గట్టిపరచకండి. అది పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రైండర్‌తో అరగదీయండి, లేకపోతే సుత్తి దెబ్బకు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.