గడ్డలన్నీ ఒకటి కావు

తిరుపతి

చిరంజీవి మాధురికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. చంద్రగిరి పెద్దమ్మ మాటతీరు అచ్చంగా పట్టుకున్నావు. కానీ ఆమె మెడ మీది గడ్డ దగ్గర ఆగిపోయాను. పదేళ్లుగా ఉంది, మెత్తగా ఉంది, వేలితో నొక్కితే చర్మం కింద జారుతోంది అని రాశావు. తర్వాతి పేజీలోనే డాక్టరు క్యాన్సర్ అంటాడు, నెల తిరక్కుండా ఆమె పోతుంది. అమ్మా, నువ్వు వర్ణించినవి కొవ్వు గడ్డ లక్షణాలు. లైపోమా అంటారు. చుట్టూ పలుచని పొర కట్టుకుని ఉన్నచోటే ఉంటుంది, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. అది ఉన్నట్టుండి పెరిగినా, గట్టిపడినా డాక్టరుకు చూపించాల్సిందే. అయితే నీ కథలో అలాంటిదేమీ జరగలేదు. అదే రకం గడ్డ ఉన్న మనిషి పుత్తూరులోనో పలమనేరులోనో ఇది చదివితే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. నా బాధంతా అదే.

కణితి గురించి రాసేటప్పుడు ముందు అది ఏ కణాల్లో పుట్టిందో తేల్చుకో. నోరు, పేగులు, గ్రంథుల లోపలి పొరల్లోనూ చర్మంలోనూ పుట్టే క్యాన్సర్ కార్సినోమా. ఎముక, కండరం, కొవ్వులో పుట్టేది సార్కోమా. లుకేమియాలోనైతే సాధారణంగా గడ్డే కనిపించదు, రోగమంతా మూలుగలో, రక్తంలో ఉంటుంది. పుట్టుకను బట్టి నడత మారుతుంది. ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా ఎక్కువగా ఎదిగే పిల్లల మోకాలి దగ్గర మొదలవుతుంది, పాకితే ముందుగా ఊపిరితిత్తులకే పాకుతుంది. మెదడులోనే పుట్టే క్యాన్సర్ గ్లియోబ్లాస్టోమా గోడలోకి రావి వేళ్లు దిగినట్టు మెదడులోకి దిగుతుంది గానీ, పుర్రె దాటి బయటికి రావడం చాలా అరుదు. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా చాలావరకు క్యాన్సర్ కాదు. అయినా పుర్రెలో చోటెక్కడిది? పెరిగితే చూపునో నడకనో దెబ్బతీస్తుంది. అందుకే ప్రమాదం లేని కణితి అని రాసే ముందు అది ఎక్కడుందో చూడు.

రేణిగుంట టీచరమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు చేరాక, ‘ఇప్పుడు ఎముకల క్యాన్సర్ కూడా వచ్చింది’ అని కూతురి చేత అనిపించావు. ఆ పొరపాటు కూతురిదైతే సహజమే, ఉంచు. డాక్టరు మాత్రం దాన్ని సరిచేయాలి. వెన్నెముకలో ఉన్నవి రొమ్ములో పుట్టిన కణాలే, మందులు ఇచ్చేదీ రొమ్ము క్యాన్సర్‌కే. ఆ సంభాషణ రాస్తే కథకు ప్రాణం అక్కడే వస్తుంది.

‘గ్రేడ్ 3, అంటే చివరి దశ’ అన్న వాక్యం తీసెయ్. కణాలు తమ సహజ రూపానికి ఎంత దూరమయ్యాయో చెప్పేది గ్రేడ్. రోగం ఎంతవరకు పాకిందో చెప్పేది దశ. గ్రేడ్ 3 కణితి మొదటి దశలోనే దొరకవచ్చు, నయమూ కావచ్చు.

వీలైతే స్విమ్స్‌లోనో అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రిలోనో పాథాలజీ డాక్టరును అడిగి రొమ్ము కణజాలపు స్లైడు ఒకటి చూడు. మామూలు గ్రంథిలో కణాలు ఖాళీ చుట్టూ వరుస తీరి ఉంటాయి, ఊదారంగు కేంద్రకాలన్నీ దాదాపు ఒకే పరిమాణం. క్యాన్సర్ ముదురు గ్రేడుదైతే ఆ వరుస చెదిరిపోతుంది, కేంద్రకాలు ఒకటి చిన్నది, పక్కది మూడింతలు. కళ్లారా చూశాక ‘రాక్షసి’, ‘మృత్యువు’ లాంటి మాటలు నీకు అవసరం పడవు.

టీచరమ్మ బయాప్సీ రిపోర్టు వచ్చే ఘట్టాన్ని తిరగరాసి ముందు అదే పంపు. పెద్దమ్మను మాత్రం బతకనివ్వు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు