హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ తల్లి: బిడ్డకు టీకా ఒక్కటే చాలదు

గర్భిణి అయిన మీ అక్కకు హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వచ్చిందని, బిడ్డకు ఏం చేయాలని అడిగారు. పాజిటివ్ అంటే రక్తంలో హెపటైటిస్-బి (కాలేయానికి సోకే వైరస్) ఉందని అర్థం. బిడ్డకు ఇది ఎక్కువగా సోకేది కాన్పు సమయంలోనే, తల్లి రక్తం తగిలి. కాబట్టి మీ అక్కకు ఏడో నెలలో పాజిటివ్ వచ్చినా టైమ్ మించిపోలేదు. "పుట్టాక టీకా వేస్తాం" అని ఆసుపత్రిలో అన్నారని రాశారు. అది సగం మాటే.

1. ఇప్పుడే అక్కకు హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) చేయించండి. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే డాక్టర్లు వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు.

2. అందరూ మరిచేది హెచ్‌బీఐజీ ఇంజెక్షన్. ఇది టీకా కాదు, వైరస్‌ను అడ్డుకునే, సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకు ఇది, రెండో తొడకు హెపటైటిస్-బి టీకా.
మీ ఆదోనిలో అర్ధరాత్రి కాన్పయితే మెడికల్ షాపులన్నీ తిరిగినా దొరక్కపోవచ్చు. ఎనిమిదో నెలలోనే ఆసుపత్రిలో స్టాకు అడగండి. లేదంటే కర్నూలు పెద్దాసుపత్రిలో కనుక్కోండి. కొని ఉంచుకుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.
కేస్ షీట్ మీద పైనే 'పాజిటివ్' అని రాయించండి. నైట్ డ్యూటీ నర్సుకు అదే ఆధారం.

3. 6, 10, 14 వారాల పెంటావలెంట్ (హెపటైటిస్-బి కూడా కలిసిన టీకా) తప్పొద్దు. 9–12 నెలల మధ్య, వైరస్ సోకిందో లేదో చూడటానికి బిడ్డకు రక్తపరీక్ష.

దీనికోసమని సిజేరియన్ అక్కర్లేదు. పాలు మాన్పించమని ఎవరన్నా వినొద్దు, తల్లిపాలు ఇవ్వొచ్చు. మీ బావకూ పరీక్ష చేయించండి.